తెరకొండ ఎక్కిన పరుపు

మృగశిర, సోమవారం

పొద్దున మబ్బు సగం కొండ వరకే ఎక్కింది. పడమటి గాలి. మబ్బు నుంచి నీళ్ళు పట్టే మా ఆరు తెరల్లో నాలుగు తడిశాయి. వాటిని దులిపి, గొట్టం మూత తీసి, నీళ్ళు దిగువూరికి వదిలాను. తెరల అడుగున పట్టే నాచు గీకడం రత్నం పని. ఆమె పడుకుని ఉంది కాబట్టి అదీ నేనే చేశాను. ఆమె గీకినట్టు రాలేదు.

నా భార్య రత్నం మూడో తెర స్తంభం మీంచి పడి నెల దాటింది. ఎముక విరగలేదు. నడుం దగ్గర పూస జరిగింది. ఇంట్లో ఉన్న చాపలన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి పడుకోబెట్టాను. గడప పక్కన ఉండే మోతగాడి చాప కూడా వాటిలోనే కలిసిపోయింది. ఆమె పక్కకి తిరగాలంటే ముందు నా చెయ్యి పట్టుకుంటుంది, తిరిగాక వదిలేస్తుంది.

మధ్యాహ్నం దిగువూరి డాక్టరమ్మ రేడియోలో పలికింది.

"చాప మీద ఆ నడుం కుదురుకోదయ్యా. భుజం దిగాలి, తుంటి దిగాలి, నడుం కింద మాత్రం పట్టుండాలి. అలాంటి పరుపు చూసి కొను. పుష్యమి కార్తెలో తనిఖీకి నేనే ఎక్కుతున్నాను. అప్పటికి ఆవిడ స్తంభం మొదటి మెట్టన్నా ఎక్కాలి."

"ఎక్కకపోతే?"

"నీకు తెలీదా?"

తెలుసు. తెరలకి ఎప్పుడూ ఇద్దరుండాలి. ఒకరు పైన కొక్కేలు విప్పితే ఒకరు కింద తాడు పట్టాలి. తనిఖీలో ఒకరు పనికిరారని తేలితే ఇద్దర్నీ దింపి వేరే జంటని ఎక్కిస్తారు. అలా దిగినవాళ్ళని మళ్ళీ ఎక్కనివ్వరు. మా ముందు ఉన్నవాళ్ళు అలాగే దిగారు. వాళ్ళు వేసిన పొయ్యి మీదే మేం వండుకుంటున్నాం.

మృగశిర, శుక్రవారం

మబ్బు లేదు. తెరలు పొడి. దిగడానికి మంచి రోజు. గంజీ నీళ్ళూ రత్నం చేతికందేలా పెట్టి, పరుపు కొనడానికి దిగువూరు వెళ్ళాను. కిందటి పెనుగాలికి తీగబండి తాడు తెగినప్పటి నుంచీ అందరం నడకే.

దుకాణం పాత రైలు షెడ్డులో ఉంది. పరుపులు గోడలకి నిలబెట్టి ఉన్నాయి. దూది పరుపు కావాలన్నాను. అక్కడున్న అమ్మాయి, వైదేహి అట, నా కాళ్ళ బురద చూసి, తర్వాత నన్ను చూసింది.

"దూది గాయాల కట్లకే చాలట్లేదండి. పత్తిచేలన్నీ ఉప్పునీళ్ళ కిందున్నాయి కదా. మా దగ్గరన్నీ నేర్చుకునే పరుపులేనండి."

"ఏం నేర్చుకుంటాయి?"

"మనిషినండి. బరువెక్కడ, నొప్పెక్కడ, ఏ పక్కకి తిరుగుతారు, మోకాలెప్పుడు ముడుస్తారు. ఒక్క నిద్రకి నేర్చేసుకుంటుంది. ఇంక ఎప్పటికీ ఆ మనిషికేనండి."

చూసుకోవడానికి వేసిన పరుపులకి నేర్చుకునే గుణం తీసేశారట. వాటి మీద ఎవరైనా పడుకోవచ్చు. మొదటిది మరీ మెత్తన. కూరుకుపోయాను. పైకి రావడానికి ఆ అమ్మాయి చెయ్యి అందించింది. రెండోది బల్లలా ఉంది.

"దీనికంటే మా అరుగు నయం" అన్నాను.

"అరుగైతే ఇంటికి పంపలేమండి" అంది.

మూడోది భుజం దగ్గర దిగింది. నడుం దగ్గరికొచ్చి ఆగింది. లేచి మళ్ళీ పడుకుని చూశాను. అలాగే ఆగింది.

"మీరు పడుకున్నట్టు కాదండి, మీ ఆవిడ పడుకున్నట్టు పడుకోండి."

"పడ్డాకా, పడకముందా?"

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. "పడకముందేనండి."

కుడి పక్కకి తిరిగి, రెండు చేతులూ దవడ కింద పెట్టుకుని, పాదం మీద పాదం వేశాను. అవతల పరుపు నొక్కి చూస్తున్న పెద్దమనిషి మొహం అటు తిప్పుకున్నాడు. వైదేహి మాత్రం వంగి నడుం కింద చెయ్యి పెట్టి చూసి, సరిపోతుందంది. ఈ ఏటి మా వాటా నీళ్ళు రాసిచ్చి అదే తీసుకున్నాను.

"మీ ఆవిడ తప్ప ఇంకెవరూ దాని మీద కన్ను మూయకూడదండి. జాగ్రత్త."

"మా ఇంట్లో ఇంకెవరూ లేరు" అన్నాను.

మోతగాడు దొరికినప్పుడు పంపుతామన్నారు. చీకటి పడేలోపు ఎక్కేశాను. రత్నం గంజి ముట్టలేదు. నేను వాకిట్లోకి రాగానే, "మెత్తగా ఉందా?" అని అడిగింది.

ఆరుద్ర, మంగళవారం

వాన కాదు, మబ్బు కాదు, మధ్యస్థం. నాలుగో తెర పైకొస చిరిగింది. కుట్టాను. పరుపు రాలేదు. రోజంతా దారి వైపు చూస్తూ గడిచింది. రెండుసార్లు మలుపు దాకా దిగి వచ్చాను.

ఆరుద్ర, బుధవారం

రాలేదు.

ఆరుద్ర, శనివారం

పొద్దుటి నుంచీ వాన. మధ్యాహ్నానికి కాస్త ముందు మలుపు దగ్గర మొదట పరుపు కనిపించింది, తర్వాత దాని కింద మనిషి. లోవరాజు అట పేరు. నలభై దాటి ఉంటాయి. తలకి చుట్టిన గుడ్డ పిండితే చెంబుడు నీళ్ళు కారాయి.

"బావా, ఇదేటి పరుపా, దున్నపోతా? దారంతా తల మీద కదుల్తానే ఉంది."

ముందెప్పుడూ నన్ను చూడలేదు. అయినా బావా అన్నాడు. రత్నం లోపల్నుంచి, "నేను నీకు చెల్లెల్నయ్యానన్నమాట" అంది. "అయిపోయావు చెల్లెమ్మా, ఇంక తప్పదు" అన్నాడు.

తెరకొండ అలవాటు ఒకటుంది. మోత ఎక్కించినవాడు ఆ ఇంట్లో నడుం వాల్చకుండా దిగకూడదు. అలా వాల్చకుండా దిగి మలుపులో పడిపోయినవాళ్ళున్నారు, వాళ్ళ వల్ల వచ్చిన అలవాటు. వాలినవాడు నిద్రపోతే లేపకూడదు. అందుకే ప్రతి ఇంట్లో గడప పక్కన ఒక చాప ఉంటుంది. మా చాప రత్నం కిందుంది. కప్పు నుంచి కారుతున్న నీళ్ళతో నేలంతా తడి.

"నన్ను జరిపి అడుగు చాప లాగు మావా" అంది రత్నం.

ఆమెని జరిపితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. లోవరాజు గుమ్మంలో నిలబడి వణుకుతూ, "పర్లేదు బావా, దిగిపోతాను" అన్నాడు. అలా దింపితే కొండ మీది మిగతా ఇళ్ళవాళ్ళు మా మొహం చూడరు. పరుపు తొడుగు విప్పి పరిచాను. నడుం వాల్చడమే కదా, కన్ను మూయడం కాదు కదా అనుకున్నాను. వైదేహి చెప్పిన మాట రత్నానికి చెప్పలేదు. ఆ క్షణంలో చెబితే లోవరాజు వింటాడు.

అతను వాలాడు. అదే సమయానికి గాలి తిరిగింది. రెండో తెర కొట్టుకుంటున్న చప్పుడు వినిపించి పరిగెత్తాను. తెర దింపడం ఒక్కడి వల్ల త్వరగా అయ్యే పని కాదు. తిరిగి వచ్చేసరికి లోవరాజు ఎడమ పక్కకి తిరిగి, కుడి మోకాలు ముడిచి, గురక పెడుతున్నాడు. పరుపు అతని మోకాలి కింద లేచి, భుజం కింద దిగి ఉంది.

"ఎలా పడుకున్నాడో చూడు, పాపం" అంది రత్నం.

పక్కనే నిలబడ్డాను. లేపలేదు. కొండకి వచ్చినప్పటి నుంచీ ఏ మోతగాణ్ణీ ఎవరూ లేపగా చూడలేదు. గంటసేపటి కునుకుకే నేర్చుకుంటుందా అని కూడా అనుకున్నాను.

సాయంత్రం లేచి గంజి తాగి దిగాడు. ఇంత మంచి నిద్ర పుట్టాక ఎరగనన్నాడు.

ఆరుద్ర, ఆదివారం

ఎండ. తెరలు పొడి. రత్నాన్ని పరుపు మీదికి మార్చాను. కాసేపు బాగానే ఉంది. తర్వాత ఎడమ వైపు లేవడం మొదలైంది. ఆమెని ఎడమకి తిప్పాలని చూస్తోంది. మోకాలుండాల్సిన చోట గడ్డలా లేచింది. నడుం దగ్గర, పట్టుండాల్సిన చోట, దిగిపోయింది. లోవరాజు నడుం గట్టిది, దానికి పట్టు అక్కర్లేదు.

"మావా, ఇందులో ఎవరో ఉన్నారు" అంది.

అప్పుడు వైదేహి చెప్పిన మాట చెప్పాను.

"నిన్న చెప్పాల్సింది."

"చెబితే లేపేదానివా?"

"లేపేదాన్ని కాదు." కప్పు వైపు చూస్తూ, "కనీసం కబుర్లు చెప్పి మేలుకొలిపి ఉంచేదాన్ని" అంది.

మళ్ళీ చాపల మీదికి మార్చాను. పరుపు ఖాళీగా ఉన్నా ఊరుకోవడం లేదు. పొర్లుతున్నట్టు ఒకచోట లేచి ఇంకోచోట దిగుతోంది. మనిషి కోసం వెతుకుతోంది.

పునర్వసు, మంగళవారం

మబ్బు బాగా పట్టింది. ఆరు తెరలూ తడిశాయి. రత్నం సూచన మీద ఇసుక మూటలు కట్టాను. లోవరాజు బరువుకి దగ్గరగా వస్తే పరుపు మోసపోతుందేమోనని. ఆమె భుజం పక్కన ఒకటి, కాళ్ళ దగ్గర రెండు. ఎడమకి తిరిగి అతనిలాగే మోకాలు ముడిచి పడుకుంది.

"గురక కూడా పెట్టమంటావా?" అని అడిగింది.

పరుపు కాసేపు ఒప్పుకుంది. తర్వాత మూటల్ని ఒక్కొక్కటే కిందికి దొర్లించింది. ఆఖరికి ఆమెని కూడా దొర్లించబోతే పట్టుకున్నాను. సాయంత్రానికి ఎడమ కాలు మొద్దుబారింది అంది. అంతకు ముందు అది లేదు.

పునర్వసు, బుధవారం

రేడియోలో దుకాణాన్ని పట్టుకున్నాను. వైదేహి నేను చెప్పింది మొత్తం విని, "మోతగాడికి పరిచారాండి?" అంది. మా అలవాటు చెప్పాను. దిగువూరివాళ్ళకి అది అర్థం కాదు. తప్పు పట్టలేదు మాత్రం.

"ఒక్కటే దారుందండి. ఆయనే వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిద్రపోకుండా దాని మీద పడుకోవాలి. నేర్చుకున్నది చెదిరిపోతుంది. మధ్యలో కునుకు తీశారా, మొదటికంటే గట్టిగా పట్టుకుంటుందండి."

లోవరాజుకి కబురు పంపాను. కొండ మొదట్లో మోతల కొట్టులో బస్తాల మీద పడుకుంటాడట. అతనికి సొంత పక్కంటూ లేదని కబురు మోసినవాడు చెప్పాడు.

పునర్వసు, శుక్రవారం

చిరుజల్లు. లోవరాజు పొద్దున్నే ఎక్కాడు. సంగతి విని గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"నా నిద్ర తగలెయ్య. చెల్లెమ్మ నడుం మీద పడుకున్నాను కదా బావా."

"పరుపు మీదే పడుకున్నావు. లే" అంది రత్నం. "ఇవాళ నువ్వు కన్ను మూస్తే గరిటె కాల్చి పెడతాను."

అతను పరుపెక్కాడు. పరుపు వెంటనే అతని మోకాలి కింద లేచింది. ఖాళీగా ఉన్నప్పుడు పొర్లినదంతా ఆగిపోయింది. అతని మొహం చూస్తుండగానే వదులైంది.

"అన్నయ్యా, నీకు పెళ్ళెందుకు కాలేదు?" అని రత్నం అందుకుంది.

"అయ్యేదే చెల్లెమ్మా. పిల్లది రాజానగరం మెరకలో ఉండేది. నన్ను చూసి, ఈయన నిలబడే నిద్రపోయేలా ఉన్నాడు అంది."

"నిద్రపోయావా?"

"ఆ ఒక్క పూటే."

"తర్వాత?"

"తర్వాత వాళ్ళ నాన్న వచ్చి, మోతగాడికి పిల్లనిస్తే..."

అక్కడ ఆగాడు. నేను భుజం తట్టాను. "ఇస్తే ఏటి?" అని అరిచింది రత్నం. "బరువు..." అన్నాడు. మిరపకాయ కొరికించాను. కళ్ళవెంట నీళ్ళు కారుతుండగానే నిద్రపోయాడు. మోత మోసి వచ్చినవాడు కాదు కాబట్టి లేపొచ్చని లేపాను. మళ్ళీ నిద్రలోకి పోయాడు. మధ్యాహ్నానికి మేమిద్దరం అలసిపోయాం. అతను మాత్రం తాజాగా లేచాడు.

"ఇది ఊరుకోదు బావా. పట్టుకుంటుంది. పడుకోమంటే ఎంతసేపైనా పడుకుంటాను, దీని మీద మేలుకోమంటే మాత్రం నా వల్ల కాదు."

అతను అబద్ధం చెప్పడం లేదు. అయినా నాకు కోపం వచ్చింది. బయటికెళ్ళి దులిపిన తెరల్నే మళ్ళీ దులిపాను.

పునర్వసు, శనివారం

అతన్ని ఉండమన్నాం. రెండోసారి ప్రయత్నం. ఈసారి పాడించాం, తిట్టించాం, తెర దారాలు లెక్కపెట్టించాం. ఒక పూట పైగా నిలిచాడు. రత్నం గొంతు పోయింది. పొద్దు వాలుతుండగా ఆమె ఒక్క క్షణం మాట ఆపింది, దగ్గు వచ్చి. అంతే.

నేను గడప మీద కూర్చున్నాను. కూర్చోలేక లేచాను. తనిఖీకి ఇంక ఎక్కువ రోజులు లేవు.

పునర్వసు, ఆదివారం

పొద్దున ప్రశాంతంగా ఉంది. తర్వాత ఆగ్నేయం నుంచి పెనుగాలి. రేడియోలో ముందుగా చెప్పలేదు. నేను మూడో స్తంభం మీద ఉన్నాను. కొక్కెం విప్పాక తెర గాలికి తెరచాపలా ఉబ్బి నన్ను లాగింది. కింద తాడు పట్టేవాళ్ళు లేరు. స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని ఉండిపోయాను.

పైనుంచి ఇంటి గుమ్మం కనిపిస్తుంది. రత్నం చాపల మీంచి పాకుతూ గడప దాకా వచ్చింది. గుమ్మం పట్టుకుని లేవబోయింది. సగం లేచింది. అక్కడే ఆగి, మళ్ళీ కూలబడింది. ఆమె అరిచింది నాకు వినపడలేదు. ఇంటి వెనక ఉన్న లోవరాజుకి వినపడింది. వాకిట్లోకి వచ్చి, ఏ తాడో తెలియక ఒకసారి తప్పు తాడు పట్టాడు. ఆమె చేత్తో చూపించింది. సరైన తాడు పట్టి వెనక్కి వాలాడు. కొండలు మోసిన నడుం అది. తెర దిగింది. ఆమె చేత్తో చూపిస్తూంటే మిగతా అయిదూ దింపాం.

అయిదో తెర స్తంభం వంగింది. నీళ్ళ గొట్టం బాగానే ఉంది.

ఇద్దరం ఇంటికి వచ్చాం. ఆమెని చాపల మీదికి చేర్చబోతే, "కాసేపు ఉండు" అని గడప మీదే ఉంది. వాకిట్లో తడిసిన తాళ్ళని లోవరాజు చుడుతుంటే చూస్తూ కూర్చుంది. చుట్ట తప్పుగా చుడుతున్నాడు. ఎడమ నుంచి చుట్టమని చెప్పింది.

పుష్యమి, మంగళవారం

మబ్బు. తెరలు కట్టాను. లోవరాజు తాడు పట్టాడు. అయిదో స్తంభం సరిచేశాం. డాక్టరమ్మ శనివారం ఎక్కుతున్నట్టు కబురొచ్చింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి రత్నం రేడియో పక్కన ఉంది. రేడియో ఆపేసి ఉంది.

"సెలవు అడిగాను మావా" అంది.

"ఏం సెలవు?"

"దిగిపోతానని. నా అంతట నేనే. తనిఖీ అవ్వకముందే చెప్పాను కాబట్టి నీ చోటు పోదట. నువ్వు జత చూసుకోవచ్చట. రెండుసార్లు అడిగి రాయించుకున్నాను."

"నేనూ వస్తాను."

"వస్తే వేరేవాళ్ళు ఎక్కుతారు. తర్వాత నాకు నయమైతే ఎక్కడికి రావాలి?"

"నయం కాకపోతే?"

"అప్పుడు నువ్వు దిగిరా. ఇప్పుడే ఇద్దరం దిగిపోతే అది కూడా ఉండదు." చాప అంచు లాగుతూ, "కింద ఆసుపత్రిలో నులక మంచాలున్నాయట, వదులూ బిగువూ చేసుకోవచ్చట. అడిగాను" అంది.

"ఇంకొన్ని రోజులు లోవరాజుతో చూద్దాం. పరుపు..."

"ఆ పరుపు అతని కోసమే పుట్టింది. ఎన్నాళ్ళు మేలుకొలుపుతావు? పరుపుకి అతను కావాలి, నీకు తాడు పట్టే మనిషి కావాలి. ఇద్దరికీ అతనొక్కడే సరిపోతాడు. నన్నొదిలెయ్యండి."

లోవరాజు గుమ్మం బయట నిలబడి ఇదంతా విన్నాడు.

"చెల్లెమ్మా, నేను మోతగాణ్ణి. ఒకచోట ఉండటం నాకు రాదు."

"రాకపోతే నేర్చుకో. పరుపు నేర్చుకోలేదా?"

అతను నా వైపు చూశాడు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతుంటే దించాను. దించి మళ్ళీ పెట్టాను.

పుష్యమి, బుధవారం

మబ్బు ఎక్కలేదు. తెరలు సగం తడి. కావడి కర్రలకి కుర్చీ కట్టడానికి రోజంతా పట్టింది. నడుం దగ్గర పట్టుండాలని పాత తెర గుడ్డ నాలుగు మడతలు వేసి కుట్టాను. లోవరాజు ఖాళీ కుర్చీని వీపుకి వేసుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. రత్నం కూర్చుని చూసింది. కొంచెం కింద పట్టు కావాలంది. విప్పి మళ్ళీ కుట్టాను. మళ్ళీ కూర్చుంది.

"ఇది నువ్వు దుకాణంలో కొన్నదానికంటే బాగుంది" అంది.

తనని దింపి తిరిగొచ్చాక నాచు ఎలా గీకాలో సాయంత్రం లోవరాజుకి చెప్పింది. అతను గీకి తెచ్చిన ముక్క చూసి మళ్ళీ గీకమంది. నాకెప్పుడూ అలా చెప్పలేదు. అడిగితే, "నువ్వు అడగలేదు" అంది.

పుష్యమి, గురువారం

తెల్లారకముందు మబ్బు పట్టింది. ఆరు తెరలూ తడిశాయి. గాలి లేదు. నీళ్ళు వదిలాను.

మలుపు దాకా తోడు వెళ్ళాను. దారి జారుడుగా ఉంది. లోవరాజు ఆగి ఆగి నడిచాడు. ఆమె అతని వీపు మీంచి వెనక్కి చూస్తూ, రెండో తెర కింది ముడి వదులుగా ఉందని చెప్పింది. మలుపు దగ్గర నన్ను ఇంక రావద్దంది. తెరల దగ్గర ఎవరూ లేరు కాబట్టి వెనక్కి వచ్చాను. ముడి బిగించాను.

రత్నం దిగింది. మోసింది లోవరాజు. గురువారం, మబ్బు విడిచాక.